పెట్టని శోకం

సువార్తమ్మ జొన్నపిండి ముద్దను పీట మీద పెట్టి అరచేత్తో కొట్టసాగింది. కుడిచేయి కొడుతుంటే ఎడమచేయి అంచును తిప్పుతోంది. రొట్టె పలుచనై పీట అంచులదాకా పరుచుకోగానే రెండు చేతులతో ఎత్తి పెంక మీద వేసి, తడిగుడ్డతో పైన అద్దింది. పొయ్యిలో కందికట్టె చిటపటమంది. పొగ గోడను పట్టుకుని పైకి పాకి, వాసాల మధ్య కాసేపు ఆగి, పెంకుల సందుల్లోంచి బయటికి పోయింది.

మామూలు రోజుల్లో అయితే రొట్టె మెత్తగా ఉండగానే దించేసేది. హాస్టల్ పిల్లలకు మెత్తటి రొట్టెలే ఇష్టం. ఇవాళ మాత్రం ఒక్కో రొట్టెనూ సన్నటి సెగ మీద అలాగే ఉంచి, గుడ్డ చుట్టతో ఒత్తుతూ, పెళుసుబారేదాకా కాల్చుతోంది. కడక్ రొట్టె అలా కాలితేనే నెలైనా బూజు పట్టదు. ఈ రొట్టెలు బహ్రెయిన్‌కు పోవాలి.

ఆమెకు యాభై దాటాయి. పొట్టి మనిషి. ఏళ్ల తరబడి పొయ్యి ముందు వంగి కూర్చోవడంతో భుజాలు ముందుకు వాలాయి. ముంజేతుల మీద వెంట్రుకలు మంటకు కాలిపోయి మళ్లీ మొలవలేదు. వేళ్ల కొసలు ఎంత గట్టిపడ్డాయంటే పెంక మీది రొట్టెను ఉత్త చేత్తోనే తిప్పుతుంది. కొత్తగా చేరిన పిల్లలు వంటింట్లోకి వస్తే పొగకు కళ్లు నలుపుకుంటూ బయటికి పరుగెత్తుతారు. సువార్తమ్మ కళ్లు మాత్రం ఎర్రగా, పొడిగా, రెప్ప వాల్చకుండా పొయ్యిలోకి చూస్తుంటాయి. వాటిలోంచి నీళ్లు కారడం చూసినవాళ్లు ఈ మధ్య ఎవరూ లేరు.

నారాయణఖేడ్‌లో చర్చి వెనకాల ఉంది ఆ ఆడపిల్లల హాస్టల్. నాగల్‌గిద్ద వైపు ఊళ్ల నుంచి, కల్హేర్ వైపు ఊళ్ల నుంచి కూలీల పిల్లలు వచ్చి ఉంటారు. వచ్చిన కొత్తలో సగంమంది కన్నడం కలిపి మాట్లాడతారు. సువార్తమ్మ పెళ్లయిన మరుసటేడు ఆ వంటింట్లోకి అడుగుపెట్టింది. పక్కనే ఒక గది ఇచ్చారు. అప్పటినుంచి ఆమె లోకమంతా ఆ వంటింటికీ, చేదబావికీ, చర్చికీ మధ్యనే ఉంది.

సాయంత్రం బస్సుకు ఎనిమిది మంది బయలుదేరుతున్నారు. ఇక్కడి నుంచి జహీరాబాద్, అక్కడి నుంచి బొంబాయి, బొంబాయిలో విమానం. పది రోజులు బహ్రెయిన్‌లో ఉండి తిరిగొస్తారు.

ఇదంతా గిద్యోను మొదలుపెట్టిన పని. ఈ చర్చిలోనే పెరిగి బహ్రెయిన్‌లో లారీ నడపడానికి పోయినవాడు. కువైట్ యుద్ధం సద్దుమణిగాక సెలవు మీద వచ్చినప్పుడు ఒక ఆదివారం ఆరాధన అయ్యాక లేచి నిలబడ్డాడు. "మనోళ్లు ఆడ శాన మంది ఉన్నరు. శుక్రవారం సెలవుంటది, గా దినమే కూడుకుంటం. క్యాంపులల్ల పోరగాండ్లు ఇండ్లు యాది చేసుకుని ఏడుస్తరు. మన పాట, మన మాట ఇనక ఏండ్లాయె. మీరు పది మంది రాండ్రి. క్యాంపు క్యాంపుకు తిప్పి పాడిపిస్త," అన్నాడు.

ఆ రోజు నుంచి చర్చికి వేరే మాట లేకుండా పోయింది. ఎప్పుడూ మిషనరీలు ఇక్కడికి రావడమే గాని, ఇక్కడివాళ్లు సువార్త మోసుకుని సముద్రం దాటడం ఎవరూ ఎరగరు. ఆదివారం ఆదివారం ఆరాధన అయ్యాక చాపల మీద కూర్చుని మాట్లాడుకునేవారు. స్కూలు అట్లాసు తెచ్చి బహ్రెయిన్‌ను వెతికారు. జొన్నగింజంత కూడా లేదది. గింజంత దేశంలో మనకు చోటుంటదా అని కంజీర వాయించే సంగయ్య తాత నవ్వించాడు. ఏ పాటలు పాడాలి, ఎవరు సాక్ష్యం చెప్పాలి, ఢోలక్‌ను విమానంలోకి రానిస్తారా, ఆవకాయ సీసా పగిలితే ఎట్లా అని వాదించుకున్నారు. ఆడవాళ్లకు నీలం అంచు తెల్లచీరలు తెచ్చారు. ఆకాశంలో తప్ప విమానం చూడనివాళ్లు స్కూలు కుర్చీలు వరుసగా వేసుకుని, కూర్చోవడం, లేవడం, నడుముకు పట్టీ కట్టుకోవడం నేర్చుకున్నారు. పెద్దవాళ్లంతా చిన్నపిల్లలైన రోజులవి.

మొదటి కూడికలోనే, ఎవరెవరు వస్తారని చర్చి పాస్టరు అయ్యగారు అడిగినప్పుడు, వెనక వరుసలో సువార్తమ్మ చేయెత్తింది. ఎన్నడూ ఏ కూడికలోనూ ఎత్తని చేయి. అందరూ వెనక్కి తిరిగారు.

"నాకు పాడరాదు. వంట చేస్త," అంది.

వంట చేసే మనిషి కూడా కావాలి కదా అని ఆమె పేరూ రాసుకున్నారు. నారాయణఖేడ్ స్టూడియోలో ఆమె జీవితంలో మొదటిసారి ఒంటరిగా ఫోటో దిగింది. పాస్‌పోర్టు విచారణకు వచ్చిన పోలీసాయన వంటింటి గడప ముందు నిలబడి, "ఏం పని మీద పోతున్నవమ్మా?" అని అడిగాడు. "దేవుని పని," అని చెప్పి, చాయ్ పోసి పంపింది.

నెల కిందట గిద్యోను నుంచి కబురొచ్చింది. పది మందికి కాదు, ఎనిమిది మందికే వీసాలు దొరుకుతాయట. అయ్యగారు పాటలు పాడేవాళ్లను, వాయించేవాళ్లను ఉంచి, ముసలి సంగయ్యనూ సువార్తమ్మనూ ఆపేశాడు. సంగయ్య నవ్వి ఊరుకున్నాడు. సువార్తమ్మ లేచి నిలబడింది.

"అయ్యగారూ, నాకు ఆడ పనున్నది."

"ఏం పని సువార్తమ్మా?"

ఆమె నోరు తెరిచింది. "ఉన్నది," అని మాత్రం అంది.

అయ్యగారు ఈ ఊరికి బదిలీ మీద వచ్చి రెండేళ్లే అయింది. ఆయనకేమీ తెలియదు. తెలిసినవాళ్లు చర్చి నిండా ఉన్నారు. ఎవరూ తల ఎత్తలేదు. ఆమె గుట్టును దాచడం ఆ వాడకంతటికీ ఎంతగా అలవాటైపోయిందంటే, చెప్పాల్సిన రోజున కూడా ఎవరి నోరూ పెగల్లేదు.

"ఆడవాండ్లల్ల ఎవరన్న తమ జాగ ఇస్తమంటే నాకేం అభ్యంతరం లేదు," అన్నాడు అయ్యగారు.

సువార్తమ్మ పక్కనే, పాడేవాళ్లలో ఒకరైన గ్రేసమ్మ టీచర్ కూర్చుని ఉంది. ఏడేళ్ల పిల్లగా, తల నిండా పుండ్లతో ఈ హాస్టల్‌కు వచ్చిన గ్రేసమ్మ. వేపాకు నూరి ఆ తలకు పట్టించింది, పేలు తీసింది, జడ వేసింది, జ్వరమొస్తే ఒళ్లో పడుకోబెట్టుకుంది సువార్తమ్మే. గ్రేసమ్మ పాటల పుస్తకంలోకి చూస్తూ, తెరిచిన పేజీ తిప్పకుండా, ప్రార్థన అయ్యేదాకా అలాగే కూర్చుంది.

సువార్తమ్మ కూర్చుండిపోయింది. తిరిగి ఆ మాట ఎత్తలేదు.

ఆమెకు బహ్రెయిన్‌లో ఉన్న పని పేరు లాజరు.

లాజరు మేస్త్రి. గోడ కడితే నీళ్లు పోస్తే చుక్క నిలవనంత నున్నగా కట్టేవాడని పేరు. బక్కపలచటి మనిషి. నవ్వితే చిగుళ్లు కనిపించేవి. పని మీద నుంచి వచ్చి వంటింటి అరుగు మీద కూర్చుని, సిమెంటుకు పగిలిన వేళ్లకు వేడినూనె రాయించుకునేవాడు. వాళ్లకు పిల్లలు కలగలేదు. ఆ మాట ఎవరైనా ఎత్తితే లాజరు హాస్టల్ వైపు చేయి చూపించి, "గంత మంది ఉన్నరు గదా," అనేవాడు. చేలు ఎండిపోయి, ఊళ్లో గోడ కట్టించుకునేవాళ్లే లేకుండాపోయిన కాలంలో బొంబాయి ఏజెంటును పట్టుకుని బహ్రెయిన్‌కు పోయాడు. పోయేటప్పుడు తల్లి సంగమ్మ మంచం దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. లేచి వచ్చి భార్యతో ఒక్క మాటే అన్నాడు: "అవ్వను సూసుకో. నేనొచ్చేదాక ఆమె ఉండాలె."

మూడేళ్లకు, అప్పట్లో ఉన్న ముసలి అయ్యగారు ఒక మధ్యాహ్నం వంటింటి గడప దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డాడు. సువార్తమ్మ అప్పుడూ పిండి పిసుకుతోంది. వంటింటికీ ఆమె గదికీ మధ్య తలుపు లేదు, గోనెపట్టా తెర ఒక్కటే. తెర వెనక నులకమంచం మీద సంగమ్మ. చూపు పోయి చాలా కాలమైన మనిషి. చూపు పోయాక చెవులు ఎంత పదునెక్కాయంటే చేదతాడు చప్పుడును బట్టి నీళ్లు తోడుతున్నది ఎవరో చెప్పేది.

అయ్యగారు ముందుకు వంగి, సువార్తమ్మ చెవి దగ్గర, ఊపిరితో చెప్పాడు. లాజరు లేడు. ఎత్తు మీద గోడ కడుతుంటే కింది కట్టె విరిగి పడిపోయాడు. అక్కడి క్రైస్తవుల బొందలగడ్డలోనే పెట్టేశారు. పెట్టె మోసినవాళ్లలో గిద్యోను ఉన్నాడు. కబురు వాడే పంపాడు.

సువార్తమ్మ చేతులు పిండిలోనే ఉన్నాయి. ఆమె తెర వైపు చూసింది.

"ఎవలొచ్చిండ్రే?" అంది సంగమ్మ లోపలి నుంచి.

"అయ్యగారొచ్చిండు అత్తా. ప్రార్థన చేస్తనని."

"మా లాజరు ముచ్చటేమన్న ఎర్కయిందా?"

సువార్తమ్మ పిండిలో కొంచెం నీళ్లు చిలకరించింది.

"మంచిగున్నడట," అంది.

అయ్యగారు భుజం మీది తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. కాసేపటికి తేరుకుని తెర పక్కకు జరిపి, సంగమ్మ తల మీద చేయి పెట్టి, ఆమె ఆరోగ్యం కోసం ప్రార్థన చేశాడు. ఆ పూట పిల్లలకు రొట్టెలు ఎప్పటిలాగే వేళకు అందాయి.

కొడుకు మీదనే ప్రాణం పెట్టుకుని ఉన్న ముసలిది. తెలిస్తే ఆ గడియే పోతుంది. వచ్చేదాకా ఉండాలని లాజరు చెప్పిపోయాడు. అతను రాకపోయినా ఆ మాట మాత్రం ఉంది కదా అనుకుంది సువార్తమ్మ. వాడంతటికీ అయ్యగారే నచ్చచెప్పాడు. చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టలేదు. ఆడవాళ్లు వచ్చి మెడ పట్టుకుని ఏడవలేదు. ప్రతి క్రిస్మస్‌కూ సువార్తమ్మ ఒక చీర కొని, "నీ కొడుకు తోలిచ్చిండు," అని అత్త చేతిలో పెట్టేది. సంగమ్మ చీరను ముక్కుకు ఆనించుకుని, "గీ వాసన సూడు, దేశం గాని దేశపు వాసన," అని మురిసేది.

ఒకసారి కంది చేను లోపలికి పోయి ఏడుద్దామని కూర్చుంది. ఎవరైనా వింటారేమోనని కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుపు రాలేదు. శోకానికి గొంతు కావాలి. గొంతు మూసుకుంటే అది లోపలే ఎక్కడో ముద్ద కట్టింది. మేకల కాపరి చూసి ఏమైందని అడిగితే, కడుపులో నొప్పని చెప్పి లేచి వచ్చింది.

మరో మూడేళ్లు బతికింది సంగమ్మ. పోయే ముందు చేత్తో మంచం అంచు తడుముతూ, "లాజరు రాకపాయె," అంది.

"దారిల ఉన్నడత్తా," అంది సువార్తమ్మ.

ఆ రోజు వాడ ఆడవాళ్లంతా వచ్చి ముసలిదాని చుట్టూ కూర్చుని శోకాలు పెట్టారు. ఇక అడ్డం లేదు, ఇప్పుడు ఏడవచ్చు అనుకుంది సువార్తమ్మ. అత్తను పిలిచి ఏడుస్తూ ఏడుస్తూ మొగుడి పేరు తీద్దామని చూసింది. పేరు పైకి రాలేదు. మూడేళ్లు దాచిపెట్టిన పేరు దాగడమే అలవాటు చేసుకుంది. అంతటితో ఆమె కళ్లు ఎండిపోయాయి. అతని మట్టి ఎదురుగా నిలబడితేనన్నా వస్తుందేమోనని, ఆ తర్వాత నాలుగైదేళ్లకు, గిద్యోను మాట విని చేయెత్తింది.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి రొట్టెలు దాదాపు అయిపోయాయి. వంటింటి గడప మీద నీడ పడింది. గ్రేసమ్మ. నీలం అంచు తెల్లచీర కట్టుకుంది. తలనిండా కనకాంబరాలు. బయలుదేరే మనిషి ముఖంలో ఉండాల్సిన వెలుగు లేదు. నెలరోజులుగా ఆమె ఈ గడప తొక్కలేదు.

"పెద్దమ్మా."

"రా. గా పక్కకు కూసో. ఇటు పొగొస్తది, చీర కరాబైతది."

గ్రేసమ్మ పొగ వచ్చే వైపే కూర్చుంది.

"గా దినం నా నోరు లేవలే పెద్దమ్మా."

సువార్తమ్మ రొట్టెను తిప్పింది. "లేస్తె ఏమయితుండె? మత్తయి నిన్ను మల్లెప్పుడన్న పంపుతుండెనా?"

మత్తయి గ్రేసమ్మ మొగుడు. తహసీలు ఆఫీసులో గుమాస్తా. బజారుకు పోవాలన్నా సవాలక్ష అడిగే మనిషి. దేవుని పని కాబట్టి ఈ ఒక్కసారికి కాదనలేకపోయాడు.

"పంపకపోతుండె."

"మరి? నువ్వన్న నాలుగు దినాలు గాలి పీల్చుకుని రా."

"నువ్వెందుకు పోతనన్నవో నాకెర్కుండె. ఎర్కుండి సుత..." గ్రేసమ్మ కొంగు కళ్లకు ఒత్తుకుంది.

"ఎర్కుంటెనే నోరు లేవది బిడ్డా. ఎర్క లేనోళ్లకేంది, ఏమన్న అంటరు."

కందికట్టెను పొయ్యిలోకి తోసింది.

"గిద్యోనన్నకు కబురు జేసిన," అంది గ్రేసమ్మ. "బొందలగడ్డకు తీస్కపొమ్మని. పూలు పెడ్త, ప్రార్థన చేస్త. ఇంకేం చేయాల్నో జెప్పు. ఏం జెప్తె అది చేస్త."

"ప్రార్థన గిద్యోను వాండ్లు చేసే ఉంటరు. నువ్వు ఏడ్వు."

"ఏడ్వాల్నా?"

"గాయినకు ఏడ్సినోళ్లు లేరే. ఊకెనే పోయిండు, ఎవలు లేనోని తీరుగ. ఒక్క శోకం లేచింది లే. అవ్వకు ఎర్క లే. ఆలికి నోరు లే."

గ్రేసమ్మ ఆమె ముఖంలోకి చూసింది. ఆ ముఖంలో ఏమీ లేదు. చెమట తప్ప.

"నాకు శోకం పెట్టరాదు పెద్దమ్మా. మా అవ్వ పోయిన్నాడు సుత దగ్గరికి రానియ్యలే. పీనుగు లేవకముందే నన్ను ఈడికి తోలిచ్చిండ్రు."

"నేర్పుత, ఇను. గిన్ని పాటలు నేర్చుకున్నవ్, ఇదెంత." సువార్తమ్మ ఇంకో ముద్ద పీట మీద పెట్టింది. కొడుతూనే చెప్పసాగింది. కూరలో ఉప్పెంత వేయాలో పిల్లలకు చెప్పే గొంతు అది. "ముందుగాల పేరు వెట్టి పిలువాలె. గట్టిగ. కొసకు సాగదియ్యాలె. ఏడికి పోయినవ్ అని అడుగు. గటెనుక తిన్నవా, తాగినవా అని అడుగు. ఆడ ఎండ ముదురట, దూపకు నీళ్లన్న ఇచ్చిండ్రో లేదో అడుగు. గప్పుడు ఇంటి ముచ్చట జెప్పు. మీ అవ్వను నేను సూసుకున్న అని జెప్పు. ఆఖరి దాక నీ పేరే తీసిందని జెప్పు. నువ్వున్నవనే జెప్పిన అని జెప్పు. ఊపిరి అందకపోతె నేల మీద చెయ్యి కొట్టు, మల్ల పేరు తియ్యి."

"ఓ లాజరు పెద్దయ్యో..." అంది గ్రేసమ్మ మెల్లగా.

"పెద్దయ్య గాదు. నా తీరుగ పిలువు. నువ్వు నా దిక్కుకెళ్లి పోతున్నవ్."

గ్రేసమ్మ గొంతు సవరించుకుంది. పాఠం చదివినట్టే మొదలుపెట్టింది. "ఓ లాజరో... ఏడికి బోతివో లాజరో..." రెండో మాటకే గొంతు విరిగిపోయింది. మోకాళ్లలో తల పెట్టుకుని భోరున ఏడ్చింది. ఎవరి కోసం ఏడుస్తోందో, లాజరు కోసమో, దగ్గరికి పోనివ్వని తన తల్లి కోసమో, పాటల పుస్తకంలోకి చూస్తూ కూర్చున్న ఆ ఆదివారం కోసమో, ఆమెకే తెలియదు. బావి దగ్గర గిన్నెలు తోముతున్న పిల్లలు చేతులు ఆపి చూశారు.

సువార్తమ్మ పిండిచేత్తోనే ఆమె వీపు నిమిరింది. తెల్లచీర మీద తెల్లటి వేళ్ల గుర్తులు పడ్డాయి.

"మంచిగనే వస్తది నీకు," అంది. "ఇంకొంచెం గట్టిగ. బొందలగడ్డ పెద్దగుంటదట, ఏ మూలకున్నడో ఏందో."

పొద్దు వాలేసరికి బస్టాండు నిండింది. చర్చి జనమంతా అక్కడే ఉన్నారు. ఎనిమిది మంది మెడల్లోనూ బంతిపూల దండలు. ఢోలక్‌ను బస్సు మీద వేయాలా లోపల పెట్టుకోవాలా అని కండక్టరుతో తగువు పడి, చివరికి ఒళ్లో పెట్టుకున్నారు. పల్లీలు అమ్మేవాళ్లు, జామపళ్ల గంపలవాళ్లు, కల్హేర్ బస్సు కోసం చూసేవాళ్లు చుట్టూ మూగి, ఎక్కడికీ, ఎందుకూ అని అడుగుతున్నారు. సువార్తమ్మ రొట్టెల మూటను, ఎల్లిపాయ కారం డబ్బాను గ్రేసమ్మ ఒళ్లో పెట్టి బస్సు దిగింది.

"నీ కోసం సుత ఆడ ప్రార్థన చేస్తం సువార్తమ్మా," అన్నాడు అయ్యగారు కిటికీలోంచి.

"మంచిది అయ్యగారూ."

పాట ఎత్తుకున్నారు. డ్రైవరు పాట అయ్యేదాకా ఓపిక పట్టలేదు. గ్రేసమ్మ కిటికీలోంచి చేయి చాచి సువార్తమ్మ వేళ్లు పట్టుకుంది. బస్సు కదిలింది. సువార్తమ్మ దాని పక్కనే నాలుగడుగులు వేసింది, తర్వాత ఇంకాస్త గబగబా నడిచింది. వేళ్లు జారిపోయాయి. బస్సు గేటు దాటి జహీరాబాద్ రోడ్డు మీదికి మళ్లింది. దుమ్ము లేచింది.

వెనక ఎవరి పిల్లవాడో "అమ్మా" అని గొంతు చించుకుని ఏడుస్తున్నాడు. వాణ్ని ఎవరూ ఊరుకోమనడం లేదు. మొగుళ్లు, అత్తలు కళ్లు తుడుచుకుంటున్నారు. మత్తయి కూడా అటు తిరిగి ముక్కు చీదాడు. ఇంత మంది మధ్య, బయట, వెలుతురు ఉండగానే. సువార్తమ్మ ఆ దుమ్ములో నిలబడి చుట్టూ చూసింది. వింటున్నవాళ్లు ఎవరూ లేరు. తెర లేదు. తెర వెనక ఎవరూ లేరు.

"ఓ లాజరో..."

ఆ గొంతు తనదేనని ఆమెకు వెంటనే తెలియలేదు.

"ఓ లాజరో... నన్నిడిసి ఏడికి బోతివో లాజరో..."

నేల మీద కూలబడింది. రెండు చేతులతో దుమ్మును కొట్టింది. "ఎండల గోడ గడితివి లాజరో... దూపకు నీళ్లన్న ఇచ్చిండ్రో లేదో లాజరో... నీ అవ్వను నేను సూసుకున్న లాజరో... నువ్వున్నవనే జెప్పిన లాజరో... దారిల ఉన్నడని జెప్పిన లాజరో... నువ్వు రాకపోతివి లాజరో..."

చర్చి జనం బిగుసుకుపోయారు. తెలిసినవాళ్లు తలలు దించుకున్నారు. తెలియనివాళ్లు, గ్రేసమ్మ అంటే ప్రాణమట, అందుకని ఏడుస్తోందని ఒకరికొకరు చెప్పుకున్నారు. చర్చి పెద్ద మొగులయ్య, తెలిసీ తెలియనట్టే, కంగారుగా దగ్గరికొచ్చాడు.

"సువార్తమ్మా, పది దినాలల్ల వస్తరు గదా. దేవుని పని మీద పోయెటోళ్లకు ఎదురుంగ గిట్ల ఏడుస్తరా? లే, లే."

జామపళ్లు అమ్మే నీలమ్మ గంప వదిలేసి లేచి వచ్చింది. ఆమె ఎవరో సువార్తమ్మకు తెలియదు. సంతల్లో ఎక్కడో చూసి ఉంటుందంతే.

"నువ్వు జరుగు పెద్దమనిషి," అంది మొగులయ్యతో. "గిది బస్సుకు ఏడ్సే ఏడ్పు గాదు."

నీలమ్మ నేల మీద కూర్చుని, చావింట్లో కూర్చున్నట్టే, సువార్తమ్మ మెడ చుట్టూ చేయి వేసింది. పోయినవాడెవరో అడగలేదు. తల తలకు ఆనించి తనూ గొంతు కలిపింది. ఆ తర్వాత చర్చి ఆడవాళ్లు ఒక్కరొక్కరే వచ్చారు. ఎనిమిదేళ్ల కిందట రావాల్సినవాళ్లు. ముందు అంచున నిలబడ్డారు, తర్వాత చెప్పులు విడిచి చుట్టూ కూర్చున్నారు. కల్హేర్ బస్సు వచ్చి రెండుసార్లు హారన్ కొట్టి, కాసేపు ఆగి, వాళ్లను చుట్టి పక్కనుంచి పోయింది.

గొంతు పూడిపోయాక సువార్తమ్మ ఆగింది. నీలమ్మ చెంబుతో నీళ్లిచ్చింది.

"ఎవలు?"

"నా పెనిమిటి."

"ఎప్పుడు?"

"ఎనిమిదేండ్లాయె. బహ్రెయిన్‌ల."

నీలమ్మ ఆశ్చర్యపోలేదు. "దూరం దేశం గదా," అంది. "గంత దూరంకెళ్లి రావాల్నంటె ఆల్చమైతది."

సువార్తమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. కొంగు తడిసి ముద్దయింది. పడమట ఎరుపు తిరిగిన ఆకాశాన్ని చూసి గబుక్కున లేచింది. "పోరిలకు బువ్వ వండాలె. పొద్దు వోయింది," అంది, ఎవరితోననీ కాకుండా. ఆడవాళ్లు తోడు వస్తామంటే వద్దంది. జనాన్ని తప్పుకుని, జహీరాబాద్ రోడ్డు వైపు ఒకసారి కూడా చూడకుండా, హాస్టల్ దిక్కుగా నడిచిపోయింది. మామూలు నడకే. కాకపోతే ఒక కాలు కొంచెం కుంటుతున్నట్టు అనిపించింది.

నీలమ్మ గంప దగ్గరికి తిరిగొస్తూ కింద చూసింది. కూలబడినప్పుడు తెగిపోయినట్టుంది, ఒంటి రబ్బరు చెప్పు. "ఓ అక్కా!" అని కేకేసింది. సువార్తమ్మ అప్పటికే మలుపు తిరిగింది.

కుక్కలు ఎత్తుకుపోతాయని నీలమ్మ ఆ చెప్పును తెచ్చి తన గంప పక్కన బోర్లా పడకుండా పెట్టింది. పట్టీ ఊడి పక్కకు వేలాడుతోంది. మడమ ఒత్తి ఒత్తి పడిన గుంతలో, అంత దుమ్ములో కూడా, పొద్దుటి జొన్నపిండి ఇంకా తెల్లగా అంటుకుని ఉంది.